మోకాలి వెనక ధమని తెగితే: అపోహలు - వాస్తవాలు

బైకు ప్రమాదంలో మోకాలి కీలు తప్పినప్పుడు దాని వెనకే ఉన్న పాప్లిటియల్ ధమని సాగి చిరగవచ్చు. కాలిని పోగొట్టే గాయాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

అపోహ: ధమని తెగితే కాలు తీసేయాల్సిందే.
రెండో ప్రపంచ యుద్ధంలో, తెగిన ధమనిని ముడివేసి వదిలేసే రోజుల్లో, ఈ గాయమైన సైనికుల్లో సుమారు 73 శాతం మంది కాలు కోల్పోయారు. కొరియా యుద్ధంలో ధమనిని కుట్టడం మొదలయ్యాక అది మూడో వంతుకు దిగింది.

అపోహ: నాడి తగులుతోంది, భయం లేదు.
ధమని లోపలి పొర ఒక్కటే చిరిగితే మొదట నాడి అందుతుంది. కొన్ని గంటలకు అక్కడే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కన్నా తక్కువ వచ్చినవారికి సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) చేయాలి. నాడి లేక, పాదం చల్లబడి, వేళ్లు కదలకపోతే స్కాన్ కోసం ఆగకుండా నేరుగా ఆపరేషన్ థియేటర్‌కే.

అపోహ: ముందు ఎముక, తర్వాతే రక్తనాళం.
రక్తం అందని కండరం దాదాపు 6 గంటలు దాటితే కోలుకోవడం కష్టం. అందుకే కొసన బెలూన్ ఉండే ఫోగార్టీ కాథెటర్ అనే సన్నని గొట్టంతో పైనా కిందా గడ్డలు లాగేసి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు కలిపిన సెలైన్‌తో కడిగి, ధమనిలో షంట్ అనే ప్లాస్టిక్ గొట్టం పెడతాం. పాదానికి రక్తం పారుతుండగా ఎముకను కదలకుండా పట్టే ఫిక్సేటర్ బిగించవచ్చు.

అపోహ: తెగిన కొసలు లాగి కుట్టేస్తే చాలు.
నలిగిన భాగం కోసేశాక మిగిలే ఖాళీని లాగి కుడితే కుట్టు తెగుతుంది, లేదా గడ్డ కడుతుంది. కాలి చర్మం కిందే ఉండే సఫీనస్ సిర ముక్క తీసి మధ్యలో అతకాలి. దాన్ని రెండో కాలి నుంచి తీయడం మంచిది: గాయపడిన కాలిలో లోపలి సిర కూడా తెగి ఉంటే రక్తం వెనక్కి వెళ్లడానికి ఆ పైసిరే దిక్కు. సిర కవాటాలు ప్రవాహానికి అడ్డుపడకుండా ముక్కను తలకిందులు చేసి, కొసలు ఏటవాలుగా కోసి, 6-0 ప్రోలీన్ అనే సన్నని దారంతో కుడతాం. పైన కండ కప్పకపోతే అతుకు ఎండి పగులుతుంది.

అపోహ: రక్తం పారింది, ఇక పిక్కకు గాట్లెందుకు?
అసలు ప్రమాదం ఇక్కడే. రక్తం తిరిగి చేరగానే కండ ఉబ్బుతుంది. పిక్కలో కండరాలను గట్టి పొరలు చుట్టి ఉంచే 4 అరలూ సాగవు, దాంతో లోపల ఒత్తిడి పెరిగి కండా నరాలూ చచ్చిపోతాయి. డయాస్టోలిక్ బీపీకీ అర ఒత్తిడికీ తేడా 30 mmHg కన్నా తక్కువైతే ఫాసియోటమీ (ఆ పొరలను గాటు పెట్టి విప్పడం) తప్పదు. రక్తం ఆగి చాలాసేపైతే కొలత కోసం చూడకుండా ముందే చేసేయాలి. లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి, 15 - 20 సెంటీమీటర్ల గాట్లు. గాటు చిన్నదైతే చర్మమే బిగించి పట్టుకుంటుంది. సోలియస్ అనే పిక్క కండను టిబియా (ముంగాలి పెద్ద ఎముక) నుంచి విడదీయకపోతే లోతైన వెనక అర మూసుకునే ఉండిపోతుంది.

ఆపరేషన్ తర్వాత గంటగంటకూ డాప్లర్‌తో (రక్త ప్రవాహాన్ని శబ్దంగా వినిపించే పరికరం) నాడి చూడాలి. మూత్రం ముదురు గోధుమరంగుకు మారితే చచ్చిన కండలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కిడ్నీలకు చేరుతోందని అర్థం. వెంటనే సెలైన్ పెంచి, పొటాషియం పరీక్షించాలి.