బ్లాక్ ఫంగస్: ఆ నలుపు ఎక్కడిది?

పేరు బ్లాక్ ఫంగస్ గానీ, ఆ బూజు నల్లగా ఉండదు. రక్తనాళాల్లోకి చొరబడి రక్తాన్ని ఆపేస్తుంది. రక్తం అందని కండ చచ్చి నల్లబడుతుంది. అంగిలి మీద కనిపించే ఆ నల్ల మచ్చను బట్టి వచ్చిన పేరది. డాక్టర్లు మ్యూకర్‌మైకోసిస్ అంటారు.

ఇది కోవిడ్‌తో పుట్టిన జబ్బు కాదు. మనిషిలో దీన్ని 1885లోనే పాల్టాఫ్ అనే వైద్యుడు వర్ణించాడు. షుగర్ బాగా ముదిరినవాళ్లలో ముక్కులోంచి కంటికి, కంటినుంచి మెదడుకు పాకడాన్ని 1943లో అమెరికా వైద్యులు రాశారు. మందు కోసం 1950ల దాకా ఆగాల్సి వచ్చింది. వెనిజులాలో ఒరినోకో నది ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆంఫోటెరిసిన్ బి తీశారు. అది బూజును చంపుతుంది, కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ తగ్గించడానికే తర్వాత కొవ్వు పొరల్లో చుట్టిన లైపోసోమల్ రకం వచ్చింది.

ఈ బూజు మట్టిలో, పాచిపోయిన రొట్టె మీద ఎప్పుడూ ఉండేదే. మనం పీల్చినా తెల్లకణాలు దాని పని పడతాయి. షుగర్ అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారితే ఆ కణాలు డీలాపడతాయి. పైగా, ప్రోటీన్లు పట్టి ఉంచిన ఇనుము వదులవుతుంది. ఆ ఇనుమే బూజుకు మేత.

2021లో దీనికి స్టెరాయిడ్ తోడైంది. అది షుగర్‌ను పెంచుతుంది, తెల్లకణాలనూ డీలాపరుస్తుంది. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల ప్రాణాలను డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్ పరీక్షల్లో తేలింది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకు మేలు కనిపించలేదు. ఆ రెండో మాట జనం దాకా చేరలేదు, జ్వరం వచ్చిన తొలి రోజుల నుంచే ఇళ్లలో ఎందరో మింగారు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే. 2021 మే నెలలో తెలంగాణ బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన జబ్బుగా ప్రకటించింది, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని నోడల్ కేంద్రం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ వయల్స్ కోసం కుటుంబాలు ఊళ్లు పట్టుకుని తిరిగాయి. జూన్ చివరికి కేంద్రం చెప్పిన లెక్క 40,845 కేసులు, 3,129 మరణాలు. రోగుల్లో 64 శాతం మందికి షుగర్ ఉంది.

మందొక్కటే సరిపోదు. రక్తం పారని కండలోకి ఇంజెక్షన్ చేరదు కాబట్టి చచ్చిన భాగాన్ని కోసి తీయాల్సిందే, ఒక్కోసారి కన్నుతో సహా.

కోవిడ్ వార్డులు మూతపడ్డాక కూడా షుగర్ రోగుల్లో ఈ జబ్బు కనిపిస్తూనే ఉంది. ముఖం ఒక పక్కే వాచడం, ముక్కులోంచి నల్లటి స్రావం, ఒకటి రెండుగా కనిపించడం దీని గుర్తులు. కొందరికి మొదట పై పళ్లు కదులుతాయి. పన్ను పీకించుకుందామని డెంటిస్టు దగ్గరికి వెళ్తారు.