పైలట్ల జీతాల కోత: అపోహలు - వాస్తవాలు

కూతురినో కొడుకునో పైలట్‌ను చేయాలనుకునే తల్లిదండ్రులు నన్ను మొదట అడిగేది జీతం గురించే. మా వృత్తితో సంబంధం లేనివారు కూడా అదే అడుగుతారు, స్వరం మాత్రం వేరుగా ఉంటుంది: ‘లక్షలు తీసుకునే మీకు ఇంకా పోరాటాలెందుకు?’ నేను ఎయిర్‌బస్ 320 నడిపే కెప్టెన్‌ని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జీతాల కోతను పైలట్లు ఎదిరించాలి. అంకె తగ్గడం కంటే ఆ కోత వచ్చే తీరు నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ‘ఈ రోజు నేను నడిపే స్థితిలో లేను’ అన్న మాటకు అది ధర కడుతోంది.

అపోహ: లక్షల జీతంలో కొంత కోసినా నష్టం లేదు

ఈ దేశంలో సగటు సంపాదనతో పోలిస్తే కెప్టెన్ జీతం చాలా ఎక్కువ. అందులో దాచాల్సిందేమీ లేదు. కానీ ఆ జీతం ఎలా లెక్కగడతారో బయట చాలామందికి తెలియదు.

మా జీతంలో ముఖ్యమైన భాగం గంటల లెక్క మీద నడుస్తుంది. నెలకు ఇన్ని గంటలకు డబ్బు ఖాయం అని ఒప్పందంలో ఉంటుంది. అంతకు మించి ఎగిరితే గంటకు ఇంత అని అదనం. ఆ గంట కూడా విమానం బయలుదేరడానికి కదిలిన క్షణం నుంచి గమ్యంలో నిలిచే క్షణం దాకానే. దానికి ముందు విమానాశ్రయానికి చేరుకోవడం, వాతావరణ నివేదికలు చదవడం, ఎంత ఇంధనం నింపాలో తేల్చడం, విమానం చుట్టూ తిరిగి పరీక్షించడం ఆ గంటల్లోకి రావు. డిసెంబరులో ఢిల్లీలో పొగమంచు కమ్మి ప్రయాణికులతో పాటు గేటు దగ్గరే మూడు గంటలు కూర్చున్నా ఆ సమయం డ్యూటీలోకి వస్తుంది గాని, ఎగిరిన గంటల్లోకి రాదు.

అందుకే ఆ ఖాయం గంటల సంఖ్యే మాకు ప్రాణం. 2024లో ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు విస్తారా సంస్థ తన పైలట్లకు కొత్త జీతాల విధానం తెచ్చింది. అంతకుముందు 70 గంటలకు ఖాయంగా వచ్చే డబ్బు 40 గంటలకు తగ్గింది. దెబ్బ ఎక్కువగా తగిలింది ఫస్ట్ ఆఫీసర్లకు, అంటే కో-పైలట్లకు. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పైలట్లు లేక పెద్ద సంఖ్యలో విమానాలు రద్దయ్యాయి. సంస్థ రోజుకు 25 నుంచి 30 విమానాలు తగ్గించుకోవాల్సి వచ్చింది.

ఈ 70కీ 40కీ మధ్య తేడా ఏమిటో ఒక నెల తీసుకుని చూద్దాం. ఇంజిన్లు దొరక్క కొన్ని విమానాలు నేల మీదే ఉన్నాయి, మధ్యలో సిమ్యులేటర్ (నేల మీది నమూనా కాక్‌పిట్) పరీక్ష ఉంది, రెండు రోజులు జ్వరం వచ్చింది. మొత్తం 55 గంటలే ఎగిరారు. పాత పద్ధతిలో 70 గంటల జీతం వచ్చేది, కొత్త పద్ధతిలో 55 గంటలదే వస్తుంది. పదిహేను గంటల జీతం పోయింది, అందులో పైలట్ తప్పేమీ లేదు. ఆ నెలాఖరున రాత్రి రెండు గంటలకు లేచి ఎక్కాల్సిన విమానం ఒకటి రోస్టర్‌లో ఉందనుకోండి. మూడు రోజులుగా నిద్ర సరిగా లేదు. ‘అలసిపోయాను, నన్ను తప్పించండి’ అని చెప్పే హక్కు నిబంధనల ప్రకారం అతనికి ఉంది. చెబితే ఇంకొన్ని గంటల జీతం పోతుంది. ఇంటి వాయిదా, పిల్లల ఫీజు గుర్తుకొస్తాయి. మనిషి లెక్క వేసుకుంటాడు. ఆ లెక్క కాక్‌పిట్‌లోకి రాకూడదని నేను అంటున్నాను.

పైలట్ కావడానికి పెట్టే ఖర్చు సంగతి కూడా చూడాలి. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. దాని మీద ఫలానా రకం విమానం నడపడానికి టైప్ రేటింగ్. అన్నీ కలిపి కోటి రూపాయల దాకా, కొన్ని క్యాడెట్ శిక్షణల్లో అంతకు మించే అవుతుంది. పొలం అమ్మి, ఇల్లు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తెలుగు కుటుంబాలు నాకు తెలుసు. ఆ తర్వాత ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ పరీక్ష, నిర్ణీత గడువుల్లో వైద్య పరీక్ష. గుండె లయలో చిన్న తేడా కనిపించినా లైసెన్స్ పక్కన పడుతుంది, ఆ రోజుతో ఆదాయమూ ఆగుతుంది. మరో సంస్థలో మరో ఉద్యోగం వెతుక్కునే దారి ఉండదు, ఎందుకంటే ఏ సంస్థ అయినా అడిగేది ఆ లైసెన్సే. కెప్టెన్ జీతంలో ఈ ముప్పుకు కట్టిన వెల కూడా కలిసి ఉంటుంది.

అపోహ: విమానం దానంతట అదే ఎగురుతుంది, పైలట్ చూస్తూ కూర్చుంటాడు

ఆటోపైలట్ చెప్పింది చేస్తుంది. ఏం చెప్పాలో నిర్ణయించేది మేము. శంషాబాద్ మీద మేఘం కమ్ముకున్నప్పుడు ఇంకో చుట్టు తిరగాలా, విజయవాడకో బెంగళూరుకో మళ్లించాలా, ఇంధనం ఎంతసేపు సరిపోతుంది అన్నది ఏ మీట నొక్కినా తేలదు. ఇంతకు మించి ఈ అపోహ మీద సమయం పెట్టను.

అపోహ: జీతానికీ భద్రతకూ సంబంధం లేదు

ఇది మాత్రం నెమ్మదిగా మాట్లాడుకోవాల్సిన విషయం. జీతం తగ్గితే ప్రమాదం జరుగుతుందని అంత సూటిగా ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తక్కువ జీతానికి అద్భుతంగా విమానం నడిపేవాళ్లు ఎందరో ఉన్నారు. సంబంధం ఉన్నది అలసట ద్వారా.

2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలిపోయింది. విమానంలోని 49 మంది, నేల మీద ఒకరు మరణించారు. అందులోని యువ ఫస్ట్ ఆఫీసర్ పనిచేసే స్థావరం న్యూయార్క్ పక్కనున్న నెవార్క్. ఆమె నివాసం దేశానికి అవతలి అంచున, సియాటిల్ దగ్గర. ముందు రోజు రాత్రి సరుకు రవాణా విమానాల్లో కూర్చుని మెంఫిస్ మీదుగా నెవార్క్ చేరుకుంది. ఆమె జీతం ఏడాదికి 16 వేల డాలర్లా, 24 వేలకు దగ్గరా అని విచారణ సమయంలో వాదన జరిగింది. ఏది నిజమైనా న్యూయార్క్ పరిసరాల్లో సొంతంగా గది తీసుకుని ఉండటానికి సరిపోయే జీతం కాదది.

ప్రమాదానికి కారణం కెప్టెన్ స్టాల్ హెచ్చరికకు (వేగం పడిపోయి విమానం గాల్లో పట్టు కోల్పోబోతోందన్న హెచ్చరికకు) తప్పుగా స్పందించడమని అమెరికా రవాణా భద్రతా మండలి తేల్చింది. అలసట ఇద్దరి పనితీరునూ దెబ్బతీసి ఉండవచ్చు గాని ఎంత మేరకో చెప్పలేమని కూడా అంది. కాబట్టి ఆ నింద మొత్తాన్ని జీతం మీద వేయడం సరికాదు. అయినా ఆ విచారణ తర్వాతే అమెరికా మేల్కొంది. కో-పైలట్లకు కూడా సాధారణంగా 1500 గంటల అనుభవం ఉండాలన్న నిబంధన 2013లో వచ్చింది. 2014లో విశ్రాంతి నిబంధనలు కఠినమయ్యాయి.

కోల్గన్ ప్రమాదం జరిగిన నెలలోనే కెప్టెన్ సల్లెన్‌బర్గర్ అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు మాట్లాడారు. అంతకు నెల ముందే హడ్సన్ నదిపై విమానాన్ని దించి 155 మందినీ బతికించిన వ్యక్తి. దేశమంతా ఆయనను కొనియాడుతున్న ఆ సమయంలో ఆయన చెప్పింది తన జీతం 40 శాతం తగ్గిందని, పింఛను పోయిందని. తన పిల్లలు ఈ వృత్తిలోకి రావాలని కోరుకునే పైలట్ ఒక్కరూ తనకు తెలియరని కూడా అన్నారు. అనుభవజ్ఞులు వెళ్లిపోయి, చురుకైన పిల్లలు వేరే దారి చూసుకుంటే, ఇరవై ఏళ్ల తర్వాత ఎడమ సీట్లో, అంటే కెప్టెన్ సీట్లో, ఎవరు కూర్చుంటారు అన్నదే ఆయన ఆందోళన. నాదీ అదే.

అపోహ: పైలట్ల కొరత ఉంది కాబట్టి జీతాలు వాటంతటవే పెరుగుతాయి

2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. అది చూసి ఎందరో తల్లిదండ్రులు ఫ్లయింగ్ స్కూళ్లకు పరుగెత్తారు. అదే ఏడాది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 1600కు పైగా కమర్షియల్ లైసెన్స్‌లు జారీ చేసింది.

కానీ కొరత ఉన్నది కెప్టెన్లకు. కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లు వరుసలో నిలబడి ఉన్నారు. కో-పైలట్ కెప్టెన్ కావడానికి వేల గంటలు, ఏళ్లు పడుతుంది. ఆ ఖాళీని నింపడానికి సంస్థలు విదేశీ కెప్టెన్లను తాత్కాలిక అనుమతులతో తెచ్చుకుంటాయి. దాంతో ఒకవైపు కొరత ఉన్నా, ఇంకోవైపు 200 గంటల పిల్లవాడు ఎంత జీతానికైనా, ముందే మానేస్తే డబ్బు కట్టాలనే ఎంత బాండుకైనా సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉంటాడు. కోత ఎప్పుడూ మొదట తగిలేది అతనికే.

ఇంకొకటి ఉంది. 2017 నుంచి మన దేశంలో కెప్టెన్ ఉద్యోగం మానాలంటే ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు ముందుగా నోటీసు ఇవ్వాలి. ప్రయాణికుల ప్రయోజనం కోసమే ఆ నిబంధన అంటారు. హఠాత్తుగా మానేస్తే ఏమవుతుందో 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది వెళ్లినప్పుడు చూశాం, విమానాలు రద్దయ్యాయి, కేసులు కోర్టులకెక్కాయి. నోటీసు ఉండాల్సిందే. అయితే జీతం కోసే హక్కు రాత్రికి రాత్రే వాడుకోగల సంస్థ ఎదుట, ఏడాది దాకా కదలలేని ఉద్యోగి నిలబడి ఉన్నాడని గుర్తించాలి. ఆ పరిస్థితిలో గిరాకీ ఉన్నంత మాత్రాన జీతం పెరగదు.

అపోహ: సంస్థ నష్టాల్లో ఉన్నప్పుడు కోత ఒప్పుకోవడమే ఉద్యోగికి క్షేమం

2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. కింగ్‌ఫిషర్, జెట్ పైలట్లు నెలల తరబడి జీతం లేకుండా నడిపారు. వాళ్ల ఓర్పు ఆ సంస్థలను నిలబెట్టలేదు. మన దేశంలో విమానయాన ఖర్చులో 40 శాతం దాకా ఇంధనానిదే, దానిపై పన్నులు, డాలర్లలో కట్టే విమానాల అద్దె. పైలట్ జీతంలో మిగిల్చే డబ్బు ఆ గొయ్యిని పూడ్చదు.

కోవిడ్ వేరే సంగతి. 2020లో విమానాలు నిజంగానే ఆగిపోయాయి, అప్పుడు కోత వద్దనడం అన్యాయం. నేనైతే ఆ కోతకు గడువు రాయించుకోవాల్సింది అంటాను. ఇండిగోలో 30 శాతం దాకా తగ్గిన జీతాలు 2022 ఏప్రిల్‌లో 8 శాతం పెరిగాయి. అప్పటికే విమానాలు నిండుగా ఎగురుతున్నాయి. సమ్మెకు సిద్ధమవుతున్నారని ఆ నెలలోనే కొందరు పైలట్లను సస్పెండ్ చేశారు. తర్వాత పాత అంకె తిరిగి వచ్చింది, కానీ మూడేళ్లలో పెరిగిన ధరలను ఎవరూ వెనక్కి తేలేదు. కోత ఒప్పుకునే రోజే ఎప్పుడు, ఏ షరతు మీద వెనక్కి ఇస్తారో కాగితం మీద ఉండాలి.

అపోహ: ఎదిరించడం అంటే సమ్మె, లేదా మూకుమ్మడి సెలవు

2009 సెప్టెంబరులో జెట్ ఎయిర్‌వేస్‌లో సంఘం పెట్టినందుకు ఇద్దరు పైలట్లను తీసేస్తే, వందల మంది అనారోగ్య సెలవు పెట్టారు. ఐదు రోజుల తర్వాత ఆ ఇద్దరికీ ఉద్యోగాలు తిరిగి వచ్చాయి. 2012లో ఎయిర్ ఇండియా పైలట్లు 58 రోజులు సమ్మె చేశారు. వంద మందికి పైగా ఉద్యోగాలు పోయాయి, చివరికి ఢిల్లీ హైకోర్టు ముందు సమ్మె విరమించారు. గెలిచిన సందర్భంలో కూడా ఆ దారి నాకు నచ్చదు. అబద్ధపు అనారోగ్యం పెట్టే అలవాటు పెరిగితే, రేపు నిజంగా జ్వరంతో ఫోన్ చేసిన సహచరుడిని అనుమానిస్తారు. మా భద్రత మొత్తం ఆ ఫోన్ కాల్‌ను నమ్మడం మీదే నిలబడింది. ప్రయాణికులు, ముఖ్యంగా చికిత్సకు వెళ్లేవాళ్లు, ఏ పాపం చేశారు?

వేరే దారులు ఉన్నాయి, అవి పనిచేశాయి కూడా. అమెరికాలో చట్టం ప్రకారం పైలట్ల సమ్మె దాదాపు అసాధ్యం. డెల్టా పైలట్లు 2022లో సమ్మెకు అనుకూలంగా 99 శాతం ఓటు వేశారు, సెలవు రోజుల్లో యూనిఫాం వేసుకుని విమానాశ్రయాల్లో నిలబడ్డారు, ఒక్క విమానాన్నీ ఆపలేదు. 2023లో నాలుగేళ్లలో 34 శాతం పెంపు సాధించారు. 2000ల దశకంలో దివాలా పేరుతో పోగొట్టుకున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి వాళ్లకు ఒకే సంఘం, ఒకే బేరం అండగా నిలిచాయి. మనకు ప్రైవేటు సంస్థల్లో చాలాచోట్ల గుర్తింపు ఉన్న సంఘమే లేదు. మొదటి పోరాటం అక్కడే చేయాలి.

మన దగ్గర పైలట్ సంఘాలు కోర్టు ద్వారా సాధించిందీ తక్కువ కాదు. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరగడం, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గడం ఢిల్లీ హైకోర్టులో కేసు నడిచాకే అమలులోకి వచ్చాయి. 2025 నవంబరులో ఆ నిబంధనల రెండో దశ మొదలైంది. డిసెంబరు తొలి వారంలో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది, డీజీసీఏ తాత్కాలికంగా సడలింపు ఇచ్చింది. ఆ రోజుల్లో విమానాశ్రయాల్లో ప్రయాణికుల కోపం మా మీదకు మళ్లింది. దాదాపు రెండేళ్ల ముందే ప్రకటించిన నిబంధనలకు తగినంత మందిని ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్న అప్పుడు సంస్థను అడగాల్సింది.

అపోహ: కొత్తగా చేరే కో-పైలట్‌కు బేరమాడే శక్తి లేదు

తక్కువే, కానీ సున్నా కాదు. సంతకం చేసే ముందు నెలకు ఖాయం గంటలు ఎన్నో చూడండి. అనారోగ్యం, అలసట, శిక్షణ, స్టాండ్‌బై (పిలిస్తే వెళ్లడానికి సిద్ధంగా ఉండాల్సిన) రోజులకు ఎన్ని గంటల డబ్బు లెక్కగడతారో అడగండి. బాండు ఎన్నేళ్లు, ప్రతి ఏడాదీ ఆ మొత్తం తగ్గుతుందా, సంస్థ జీతం కోసినప్పుడు లేదా సొంతంగా తీసేసినప్పుడు కూడా బాండు కట్టాలా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. లైసెన్స్ పోతే వచ్చే బీమా ఎంతో అడగండి. అన్నిటికీ ‘కంపెనీ విధానం ప్రకారం, ఎప్పుడైనా మార్చవచ్చు’ అని జవాబు వస్తే, మీ బ్యాచ్‌లో మిగతావాళ్లకూ అదే జవాబు వచ్చిందేమో కనుక్కుని, అందరూ కలిసి ఒకే ఉత్తరం రాయండి. ఒక్కరు రాస్తే పక్కన పెట్టేస్తారు. ఇరవై మంది కలిసి రాస్తే సంస్థ మాట్లాడటానికి కూర్చున్న సందర్భాలు నేను చూశాను.