మెల్లకన్ను: లోపం కంట్లో, నష్టం మెదడులో

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పల్లెల్లో మెల్లకన్ను ఉన్న పిల్లని చూసి 'అదృష్టం' అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. 'ఏటవుద్ది, పెద్దయితే అదే సర్దుకుంటాది' అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. అమ్మానాన్నలు హైదరాబాద్‌కో చెన్నైకో పనికి వెళ్తే, పిల్లలు నాయనమ్మ దగ్గర పెరిగే ఇళ్లు ఇక్కడ చాలా. వాళ్లు పండక్కి వచ్చాక డాక్టరుకి చూపిద్దాంలే అనుకుంటారు. అలా ఆగితే ఏం పోతుందో సైన్సుకి తెలిసి 60 ఏళ్లు దాటింది.

కంటి లోపల వెనకవైపు ఉండే పొర రెటీనా. అందులో వెలుగును పట్టే కణాలు పది కోట్లకు పైనే. అక్కడినుంచి మెదడుకి వెళ్లే నాడీ తంతువులు ఒక్కో కంటికి సుమారు 10 లక్షలే. అంటే వడపోత కంట్లోనే మొదలవుతుంది. 1953లో శాస్త్రవేత్త స్టీఫెన్ కఫ్లర్ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టమైంది: రెటీనా కణాలు వెలుగు ఎంత ఉందని కాదు, పక్కచోటుకీ ఈ చోటుకీ తేడా ఎంత అని ముఖ్యంగా చెబుతాయి.

1958లో కఫ్లర్ ల్యాబులోనే డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ ఇంకాస్త లోపలికి, తల వెనకభాగంలో ఉండే దృష్టి కేంద్రం దాకా వెళ్లారు. పిల్లికి చుక్కలున్న స్లైడులు చూపిస్తే అక్కడి కణం పెద్దగా స్పందించలేదు. ఓసారి గాజు స్లైడు మారుస్తుంటే దాని అంచు నీడ తెర మీద కదిలింది. అంతే, కణం ఒక్కసారిగా హోరెత్తింది. దానికి కావలసింది చుక్క కాదు, ఒక ప్రత్యేకమైన వాలులో ఉన్న గీత! పక్క కణానికి ఇంకో వాలు. ఇలాంటి ముక్కలు కలిసే మనకి కనిపించే ముఖం, అక్షరం తయారవుతాయి.

మన పిల్లలకి సంబంధించిన అసలు విషయం 1963లో తేలింది. హ్యూబెల్, వీసెల్ పిల్లికూనల ఒక కంటిని మొదటి రెండు మూడు నెలలు మూసి ఉంచారు. తలుచుకుంటే మనసు చివుక్కుమనే ప్రయోగమే. తెరిచి చూస్తే రెటీనా బాగానే పనిచేస్తోంది. కానీ మెదడులో ఆ కంటికి పలికే కణాలు దాదాపు మిగల్లేదు, అన్నీ రెండో కంటి పక్షానికి వెళ్లిపోయాయి. పెద్ద పిల్లికి అలాగే మూస్తే ఏమీ కాలేదు. 1965లో రెండు కళ్లూ మూసి చూశారు. నష్టం ఊహించినంత లేదు. అంటే వాడకపోవడం ఒక్కటే కారణం కాదు, మెదడులో చోటు కోసం రెండు కళ్లూ పోటీ పడుతున్నాయి. 1981లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మెల్లకన్నులో జరిగేదీ ఇదే. రెండు కళ్లూ రెండు వైపులు చూస్తే రెండు బొమ్మలు కలవవు. మెదడు ఒకదాన్ని అణిచేస్తుంది. పసివాడికి అది మామూలే అనిపిస్తుంది కాబట్టి కనపడటం లేదని చెప్పడు. దీన్నే లేజీ ఐ అంటారు. రెండు కళ్ల పవర్‌లో బాగా తేడా ఉన్నా వస్తుంది, అప్పుడు కన్ను వంకర కూడా కనిపించదు. పెద్దయ్యాక మంచి అద్దాలు పెట్టినా సరిగా కనిపించకపోవడానికి కారణం ఇది.

బాగున్న కంటిని మూసి, రెండో కంటితో పని చేయించమని ఫ్రాన్స్‌లో బఫన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1743లోనే చెప్పాడు. అది ఎందుకు పనిచేస్తుందో అర్థమవడానికి 220 ఏళ్లు పట్టింది. అవసరమైన అద్దాలిచ్చి, రోజుకి కొన్ని గంటలు మంచి కంటికి ప్యాచ్ (మూత) వేయడమే ఇప్పటికీ ప్రధాన వైద్యం. లోపం ఓ మోస్తరుగా ఉన్న ఏడేళ్లలోపు పిల్లలకి రోజుకి 2 గంటలు కూడా 6 గంటలంత ఫలితం ఇస్తుందని 2003లో అమెరికా అధ్యయనం చూపింది.

2019 అక్టోబరులో మన రాష్ట్రంలో మొదలైన కంటి వెలుగు పథకం ముందు బడిపిల్లల్నే పరీక్షించింది. సరైన ప్రాధాన్యమే. కానీ బడికి వచ్చేసరికి ఐదారేళ్లు వస్తాయి. అంగన్‌వాడీలోనే ఒక్కో కన్నూ విడిగా మూసి చూడాలని నేను గట్టిగా అంటాను. మంచి కన్ను మూయగానే ఏడ్చే, చెయ్యి తోసేసే పసివాడు చాలా చెబుతున్నట్టే. నాలుగు నెలలు దాటాక కూడా కన్ను పక్కకి పోతుంటే పండగ దాకా ఆగకుండా చూపించాలి. ఏడేళ్లు దాటినవాళ్లని 'ఇక లాభం లేదు' అని పంపేయడమూ తప్పే. 7 నుంచి 17 ఏళ్ల వాళ్ల మీద జరిగి 2005లో వెలువడిన అధ్యయనంలో కొందరికి, ముఖ్యంగా 12 ఏళ్లలోపు వాళ్లకి, చూపు మెరుగైంది.