తొట్టి విడి చెక్కలుగా వస్తోంది

తిరుపతి

చిన్నోడికి, పాపకు తాత ఆశీస్సులు.

మేం ఇల్లు మారుతున్న సంగతి మీ నాన్న చెప్పే ఉంటాడు. ఈ వయసులో చేపల చాకిరీ నా వల్ల కాదు, అందుకే ఆరడుగుల తొట్టి ఇక మీదే. ఆదివారం టెంపోలో చిత్తూరు వచ్చేస్తుంది. అయిదు చెక్కలు, రెండు కమ్మీలు, ఒక అద్దం, చుట్టిన రబ్బరు షీటు, బోల్టుల డబ్బా దిగుతాయి. వాటిని చూసి పగలగొట్టి పంపాడనుకోకండి. అది మొదటినుంచీ విప్పి బిగించుకునే తొట్టే. అప్పట్లో మాది అద్దె ఇల్లు, అంత పెద్ద గాజుతొట్టి కొంటే గుమ్మం దాటేది కాదు.

బిగించే ముందు నీళ్ల సంగతి తెలుసుకోండి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే సుమారు 680 లీటర్లు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి, అంటే 680 కిలోలు! అందుకే మేడ మీద వద్దు, కింద గదిలో గోడవారగా పెట్టించండి. ఈ నీళ్లు కిందికే కాదు, పక్కలకూ తోస్తాయి. నిండా పోస్తే ముందు పలక ఒక్కదాని మీదే దాదాపు 340 కిలోల తోపు పడుతుంది. అందులో ముప్పావు వంతు కింది సగం మీదే. పొడవు పెరిగినా అడుగున ఒత్తిడి మారదు, లోతు పెరిగితేనే పెరుగుతుంది. మన చెరువుకట్టలు చూడండి, పైన బండి పట్టేంతే ఉన్నా అడుగున ఎంత వెడల్పో! 2021 నవంబరు వానల్లో రాయలచెరువు కట్ట నీళ్లు కారుతోందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు, గుర్తుందా? అందుకే మన తొట్టికి కింది బోల్టులు దగ్గర దగ్గరగా, పైవి దూరంగా ఉంటాయి.

మొదటిసారి నేను బోల్టులు వాడలేదు, ప్లైవుడ్ అంచులోకి స్క్రూలు దించేశాను. బాగానే నిలబడింది. ఇల్లు మారేటప్పుడు విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూ వట్టినే తిరుగుతోంది, పట్టడం లేదు. ప్లైవుడ్ అంచున పొరలు విచ్చుకుంటాయి, అక్కడ స్క్రూకు పట్టు తక్కువ. తర్వాత మూలలకు టేకు రీపర్లు, అంటే సన్నని చెక్క బద్దలు పెట్టి, ఇటునుంచి అటు దూరేలా బోల్టు, రెండువైపులా వాషరు, నట్టు వేశాను. అప్పటినుంచి ఎన్నిసార్లు విప్పినా ఢోకా లేదు. చెక్క ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, అంటే తడికి తట్టుకునే రకం, అయినా దాన్ని నీళ్లకు తగలనివ్వను. ఆ పని షీటుది.

షీటు పరిచేటప్పుడు మూలల్లో కత్తెర పెట్టారో, మీ చెవులు నా చేతిలో ఉంటాయి. పుస్తకానికి అట్ట వేసినట్టు మడవాలి. కత్తిరించే చోటు ఒక్కటే, అది ముందు పలకలో అద్దం వచ్చే కిటికీ. దాన్ని నేనే కోసిపెట్టాను. అద్దం లోపలివైపునుంచి ఆనాలి, బయటినుంచి కాదు. లోపల ఉంటే నీళ్లే అద్దాన్ని చెక్కకేసి నొక్కి పట్టుకుంటాయి. బయట పెడితే ఆ నీళ్లే ఊడదోస్తాయి. అద్దానికీ షీటుకీ మధ్య సిలికాన్ పూయండి. అక్వేరియంకని అడిగి కొనండి, బాత్‌రూంలకు వాడే వాటిలో బూజు పట్టకుండా కలిపే మందు చేపలకు విషం. పుల్లటి వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లు పోయొద్దు. నేనైతే వారం ఆగుతాను, మీకు అంత ఓపిక ఉంటుందా అని నాకు అనుమానమే.

పైన అడ్డంగా వేసే రెండు కమ్మీలు అలంకారం కాదు. అవి లేకపోతే పొడుగు పలకలు పొట్ట ఉబ్బుతాయి. నీళ్లు రోజుకో జానెడు చొప్పున పోయండి. చుట్టూ పాత పేపర్లు పరచండి, చుక్క పడితే అదే చెబుతుంది. చేపల మాట ఆ తర్వాత.

చెక్కల మీద పెన్సిల్‌తో అంకెలు వేశాను, 1కి ఎదురుగా 1, 2కి ఎదురుగా 2. బోల్టులు లెక్కపెట్టుకోండి, ఒకటి తక్కువ వస్తుంది. మీ అవ్వ దాన్ని పెరటి తలుపు గొళ్లేనికి దూర్చేసింది, అడిగితే ఇవ్వనంటోంది. అలాంటిదే ఒకటి అక్కడ కొనుక్కోండి.

మీ తాత