పాత మజిల్ కార్లలో ప్లగ్ వైర్ల దారి: అపోహలు - వాస్తవాలు

నేను పాత అమెరికన్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్లు బాగుచేస్తాను. 1964లో పాంటియాక్ జీటీఓతో ఊపందుకుని 70ల మొదటి వరకూ సాగిన మజిల్ కార్లే, అంటే పెద్ద ఇంజన్ పెట్టిన వేగం కార్లే, ఎక్కువగా నా చేతికి వస్తాయి. అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్లలోనూ కమారో, మస్టాంగ్ లాంటివి ఇష్టపడి కొన్నవాళ్లు ఉన్నారు. వాళ్లు ఫోన్ చేసి చెప్పే బాధ చాలాసార్లు ఒకేలా ఉంటుంది. కార్బురేటర్ విప్పి కడిగించారు, టైమింగ్ సరిచేయించారు, ప్లగ్గులు కొత్తవే. అయినా ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతోంది. ఇంజన్ ఫొటో పంపమంటాను. ఒక వైపు ప్లగ్గులకి కరెంటు తెచ్చే లావుపాటి ఎర్ర వైర్లు నాలుగూ ఒక కట్టగా, జిప్ టైలతో బిగించి కనిపిస్తాయి. చూపుకి శుభ్రంగానే ఉంటుంది, కానీ అసలు జబ్బు ఆ కట్టలోనే ఉంటుంది.

ఈ ఇంజన్లు చేసిన కంపెనీలు ఒక్కో వైరుకీ దారి గీసి, క్లిప్పులు ఇచ్చి, అసెంబ్లీ మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ చూపించాయి. ఆ దారిని పక్కన పెట్టేటప్పుడు జనం చెప్పే మాటలు ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే భాగం) క్యాప్ నుంచి సరైన ప్లగ్గుకి చేరితే చాలు, మధ్యలో వైరు ఎటు వెళ్తే ఏమిటి?

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

షెవర్లే స్మాల్ బ్లాక్ (చిన్న సైజు వీ8) తీసుకోండి. దాని ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో స్పార్క్ పడే వరుస, 1-8-4-3-6-5-7-2. డ్రైవర్ వైపు (అమెరికన్ కార్లలో ఎడమ) ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7 సిలిండర్లు, అవతలి వైపు 2, 4, 6, 8. ఆ వరుసని మళ్లీ చదవండి. 5 తర్వాత వెంటనే 7. రెండూ ఒకే వైపు, పక్కపక్కనే ఉన్నాయి. క్యాప్ మీద కూడా వాటి టెర్మినళ్లు పక్కపక్కనే. అంటే ఆ రెండు వైర్లూ బయలుదేరేది ఒకే చోట, చేరేది కూడా దాదాపు ఒకే చోట. మీరు ఆపకపోతే దారి పొడవునా అంటుకునే వెళ్తాయి.

5వ వైరులోకి వేల వోల్టుల కరెంటు ఒక్కసారిగా ఎగబాకినప్పుడు, దానికి సమాంతరంగా ఆనుకుని ఉన్న 7వ వైరులో కూడా కొంత వోల్టేజీ పుడుతుంది. వైర్లు తాకనక్కర్లేదు, ఇన్సులేషన్ చిరగనక్కర్లేదు. పాత ల్యాండ్‌లైన్ ఫోన్లలో పక్క లైనువాళ్ల మాటలు మనకి వినపడేవి చూడండి, ఇదీ ఆ బాపతే.

అలా పుట్టిన వోల్టేజీ తక్కువే కదా, ప్లగ్గు దగ్గర స్పార్క్ అవుతుందా అని అడుగుతారు. సరిగ్గా ఇక్కడే చిక్కు ఉంది. వీ8లో ఒక సిలిండర్‌కీ తర్వాతి సిలిండర్‌కీ మధ్య క్రాంక్ 90 డిగ్రీలు తిరుగుతుంది. 5వ ప్లగ్గు వెలిగే క్షణానికి 7వ పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్‌లో సగం దూరంలో ఉంటుంది. లోపల పెట్రోల్, గాలి అప్పటికే నిండి ఉన్నాయి. ఇన్‌టేక్ వాల్వ్ మూసుకుంది. కానీ ప్రెషర్ ఇంకా పెద్దగా పెరగలేదు. ప్రెషర్ తక్కువ ఉన్నప్పుడు ప్లగ్ గ్యాప్ దాటడానికి స్పార్క్‌కి తక్కువ వోల్టేజీ చాలు. మామూలుగా ఏమీ చేయలేని ఆ చిన్న వోల్టేజీకి అప్పుడు దారి దొరుకుతుంది. 7వ సిలిండర్ ఇంకా పైకి వస్తుండగానే మంట అంటుకుంటుంది. పైకి వెళ్తున్న పిస్టన్‌ని ఆ మంట కిందికి తోస్తుంది. తక్కువ లోడ్‌లో ఇది చిన్న మిస్సింగ్‌లా అనిపిస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో, హై కంప్రెషన్ ఇంజన్‌లో అయితే 7వ పిస్టన్ రింగ్ ల్యాండ్ (రింగుల మధ్య గట్టు) విరగొచ్చు, పిస్టనే పోవచ్చు.

అదే 7వ ప్లగ్గు వెలిగినప్పుడు 5లో దొంగ స్పార్క్ పడినా నష్టం ఉండదు. అక్కడ మిశ్రమం అప్పటికే అంటుకుని కాలుతోంది. దెబ్బ ఎప్పుడూ వరుసలో వెనక వచ్చే సిలిండర్‌కే తగులుతుంది.

మందు చాలా తేలిక. 5నీ 7నీ పక్కపక్క గాడుల్లో పెట్టకండి. మధ్యలో 1వ వైరో 3వ వైరో ఉంచండి. ఎక్కడైనా ఒకదాన్ని ఒకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, జంటగా నడిపించకండి. అవతలి వైపు 8 తర్వాత 4 వస్తుంది. ఆ రెండు సిలిండర్లకీ మధ్య 6 ఉంది కాబట్టి అంత ప్రమాదం లేదు, కానీ వైర్లలో కూడా 6ని మధ్యలోనే ఉంచితే మంచిది. వైర్లని విడివిడిగా పట్టి ఉంచే సెపరేటర్ల ధర ఒక పిస్టన్ ధర ముందు లెక్కలోకే రాదు.

అపోహ: అమెరికన్ వీ8లన్నిటికీ ఫైరింగ్ ఆర్డర్ ఒకటే, ఒక కారు ఫొటో చూసి ఇంకోదానికి వైర్లు వేసేయొచ్చు.

షెవర్లే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబీల్, క్రైస్లర్ ఇంజన్లకి 1-8-4-3-6-5-7-2 అని కనపడగానే చాలామంది ఇలా అనుకుంటారు. కానీ డిస్ట్రిబ్యూటర్ తిరిగే దిశ వేరు. షెవర్లేది పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశ. పాంటియాక్, ఓల్డ్స్‌మొబీల్ దానికి ఎదురు దిశ. క్రైస్లర్‌లోనైతే ఒకే కంపెనీలో రెండు పద్ధతులు. 318, 340, 360 (క్యూబిక్ అంగుళాల్లో ఇంజన్ సైజు) లాంటి చిన్న బ్లాకుల్లో డిస్ట్రిబ్యూటర్ వెనకాల ఉండి గడియారం దిశలో తిరుగుతుంది. 383, 440 లాంటి పెద్ద బ్లాకుల్లో ముందు ఉండి ఎదురు దిశలో తిరుగుతుంది.

ఫోర్డ్‌లో సిలిండర్ల నంబర్లే వేరు. ప్రయాణికుడి వైపు 1, 2, 3, 4. డ్రైవర్ వైపు 5, 6, 7, 8. 289, పాత 302 ఇంజన్ల వరుస 1-5-4-2-6-3-7-8. అక్కడ భయపడాల్సిన జంట 7, 8. అదే 351 విండ్సర్‌కి వరుస 1-3-7-2-6-5-4-8. అక్కడ జంట 6, 5. పాత 302లో ఎవరో 351 వరుసకి సరిపోయే క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) వేసి ఉంటే, మీ చేతిలో ఉన్న పుస్తకం ఆ ఇంజన్‌కి పనికిరాదు. పాత కారు కొన్నాక నేను మొదట చూడమనేది లోపల ఏ క్యామ్ ఉందన్నది.

అపోహ: స్మాల్ బ్లాక్ షెవర్లేలో వైర్లని ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ తీసుకెళ్లే ఇనుప భాగం) కిందినుంచి తేవడం తెలివితక్కువ పని. పైనుంచి వేసుకుంటే హాయి.

ఆ పాత దారిలో పని చేయడం కష్టమే, కాదనను. క్యాప్ నుంచి ఇంజన్ వెనక్కి దిగి, బ్లాక్ పక్కన బిగించిన బ్రాకెట్ల గుండా మ్యానిఫోల్డ్ కింద సాగి, అక్కడినుంచి పైకి ప్లగ్గుల దగ్గరికి చేరాలి. కారు ఎత్తకుండా చేయి సరిగా పట్టదు. కానీ ఆ ఇంజన్లో ప్లగ్గులు మ్యానిఫోల్డ్ కింద ఉంటాయి. పైనుంచి తెచ్చిన వైరు ఎర్రగా కాగే ఇనుము మీదుగానో, రెండు పోర్టుల సందులోంచో దిగాలి. వేడి పైకి లేస్తుంది కాబట్టి ఆ వైరుకి కిందున్నదానికన్నా ఎక్కువ కాక తగులుతుంది. ప్లగ్గుల దగ్గర చిన్న రేకు షీల్డులు కూడా కంపెనీ ఇచ్చింది. చాలా కార్లలో అవి ఇప్పుడు కనిపించవు. ఎప్పుడో ఎవరో విప్పి మళ్లీ బిగించలేదు. అవి వెతికి పెట్టించండి, బూట్లు (ప్లగ్గు మీద తొడిగే వైరు చివరి రబ్బరు తొడుగులు) ఎక్కువ కాలం వస్తాయి.

ఒక్కమాట. మ్యానిఫోల్డ్ తీసేసి హెడర్లు అనే విడి గొట్టాలు వేసి ఉంటే ఈ పాత దారి పనికిరాదు. హెడర్ గొట్టాలు ఆ జాగా అంతా ఆక్రమిస్తాయి. అప్పుడు పైనుంచే తెచ్చి, వైరుకి వేడి తట్టుకునే తొడుగు వేయాలి. షెవర్లే బిగ్ బ్లాక్‌లో మాత్రం వైర్లు మొదటినుంచీ వాల్వ్ కవర్ల మీదుగానే వెళ్తాయి. అక్కడ వాల్వ్ కవర్ బోల్టులకి బిగించే హోల్డర్లు ఉండాలి. 396లో, 454లో అవి లేకపోతే వైర్లు జారి మ్యానిఫోల్డ్ మీద పడతాయి.

అపోహ: వైరు లావుగా ఉంటే పవర్ ఎక్కువ.

లావంతా పైనున్న ఇన్సులేషన్‌దే. ఆరోగ్యంగా ఉన్న 7 మిల్లీమీటర్ల వైరు తీసి 8.5 వేస్తే డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ఏమీ మారదు. పైగా ఆ కాలపు క్లిప్పుల్లోని రబ్బరు గాడులు 7కి సరిపోయేలా చేశారు. లావు వైరు వాటిలో పట్టదు. క్లిప్ తీసేస్తారు, జిప్ టై వస్తుంది, మళ్లీ 5, 7 కలిసిపోతాయి.

అపోహ: కార్బన్ వైర్లు స్పార్క్‌ని తినేస్తాయి, రాగి తీగ వైర్లే గట్టివి.

కంపెనీ వైర్ల మీద టీవీఆర్ఎస్ అని ముద్ర కనిపిస్తుంది. టెలివిజన్, రేడియో సప్రెషన్ అని దాని అర్థం, అంటే వాటిలో గోల రాకుండా అణచడం. లోపల లోహపు తీగ బదులు కార్బన్ పట్టించిన పోగు ఉంటుంది. అడుగు పొడవుకి కొన్ని వేల ఓమ్‌ల రెసిస్టెన్స్ చూపిస్తుంది. ఆ అంకె చూసి కంగారుపడనక్కర్లేదు. ప్లగ్గులో పారే కరెంటు చాలా చిన్నది. గ్యాప్ దాటేదాకా వైరులో కరెంటు దాదాపు పారదు కాబట్టి ఆ రెసిస్టెన్స్ వల్ల స్పార్క్ వోల్టేజీ తగ్గదు. రాగి తీగ వేస్తే మాత్రం రేడియోలో ప్రతి స్పార్కూ టపటపా వినిపిస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల (స్పార్క్ కోసం కరెంటు తెంపే స్విచ్) స్థానంలో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టించుకుని ఉంటే ఆ గోల దానికీ తగిలి పనిచేయడం మానేయొచ్చు.

ఈ రేడియో గోలని కంపెనీ ఎంత పట్టించుకుందో తెలియాలంటే ఆ కాలపు కార్వెట్ చూడాలి. దాని బాడీ ఫైబర్‌గ్లాస్. రేకు బాడీ అడ్డుకునే తరంగాలు దాన్నుంచి దాటిపోతాయి. అందుకే డిస్ట్రిబ్యూటర్ మీద, వైర్ల మీద మెరిసే లోహపు షీల్డులు బిగించారు. రేడియో లేకుండా ఆర్డర్ ఇచ్చిన కార్వెట్‌కి ఆ షీల్డులు రాలేదు. ఇప్పుడు చాలామంది వాటిని అలంకారమనుకుని తీసి అటకమీద పెడుతున్నారు. అలాంటిది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: మీటర్‌లో ఓమ్‌లు సరిగ్గా వచ్చాయంటే వైరు మంచిదే.

మీటర్ లోపలి పోగు తెగిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. పైతొడుగులో సన్నని పగులు ఉంటే దానికి తెలియదు. ఆ పగులులోంచి కరెంటు పక్కనున్న ఇనుముకి ఎర్త్ అయిపోతుంది. చీకటిలో ఇంజన్ నడుపుతూ, వైర్ల మీద సన్నగా నీళ్లు చిమ్మి చూడండి. లీకేజీ ఉంటే నీలం నిప్పురవ్వలు కనిపిస్తాయి. చేతులు వైర్లకి దూరంగా ఉంచండి, ఫ్యాన్ దగ్గర వదులు బట్టలు వద్దు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. పైన చెప్పిన 5-7 దొంగ స్పార్క్ ఈ పరీక్షలో కూడా బయటపడదు. దానికి వైర్ల వరుసని కళ్లతో చూడటమే దారి.

అపోహ: వైర్ల మీది తేదీ ముద్ర షో కార్లవాళ్ల పిచ్చి.

షో కోసం అక్కర్లేనివాళ్లకి అది అవసరం లేదు, నిజమే. జనరల్ మోటార్స్ కార్ల వైర్ల మీద 3-క్యూ-69 లాంటి ముద్ర ఉంటుంది. 1969 మూడో త్రైమాసికం అని అర్థం. కారు తయారైన తేదీకి కొంచెం ముందుది అయి ఉండాలి. అదే ముద్రతో కొత్తగా చేసిన సెట్లు దొరుకుతున్నాయి. వాటిలో నాకు నచ్చేది ముద్ర కాదు, పొడవులు. ప్రతి వైరూ ఆ ఇంజన్ దారికి తగ్గట్టు కోసి, బూట్ సరైన కోణంలో అమర్చి వస్తుంది. అన్ని ఇంజన్లకీ పనికొస్తుందని అమ్మే సెట్‌లో వైరు పొడవు మిగిలిపోతుంది. దాన్ని చుట్టలు చుట్టి ఎక్కడో దోపుతారు.

మార్చేటప్పుడు ఎనిమిదీ ఒకేసారి పీకకండి. ఒక్కటి తీసి, కొత్తది దానిపక్కన పెట్టి పొడవు చూసి, అదే గాడిలో వేసి, తర్వాత రెండోది. పాత దారే తప్పని అనుమానం ఉంటే మొదటి సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్‌లో పైకి తెచ్చి, డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్ ఏ టెర్మినల్‌ని చూస్తోందో గమనించి, అక్కడినుంచి లెక్క మొదలుపెట్టండి. బూట్‌ని పట్టి కొంచెం తిప్పి లాగాలి, వైరుని పట్టి లాగితే లోపలి పోగు తెగుతుంది. బూట్ లోపలి అంచుకి సిలికోన్ గ్రీజు పలచగా రాసి, క్లిక్ అనేదాకా నొక్కండి.