‘ది లయన్ కింగ్’ స్టేజి షో: ప్రేక్షకుల జ్ఞాపకాల్లో అపోహలు - వాస్తవాలు

రంగస్థల లైటింగ్ నా వృత్తి. నేనేం పని చేస్తానో తెలిశాక చాలామంది ముందుగా ఎత్తే షో ‘ది లయన్ కింగ్’. 1994లో వచ్చిన యానిమేషన్ సినిమాకి అది స్టేజి రూపం. 1997 జులైలో మినియాపాలిస్‌లో మొదటిసారి ప్రదర్శించారు. అదే ఏడాది నవంబరు 13న న్యూయార్క్‌లోని న్యూ ఆమ్‌స్టర్‌డామ్ థియేటర్‌లో బ్రాడ్‌వే (న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లుండే ప్రాంతం) ప్రారంభం జరిగింది. 1999లో లండన్‌లోని లైసియం థియేటర్‌కి వెళ్లింది. అప్పట్లో పిల్లలుగా చూసినవాళ్లు ఇప్పుడు తమ పిల్లల్ని తీసుకెళ్తున్నారు. వాళ్లు గుర్తు చేసుకుని చెబుతుంటే వినడం నాకు చాలా ఇష్టం. అయితే చెప్పినవాటిలో కొన్ని స్టేజి మీద అసలు జరగనే లేదు. అలాగని వాళ్లు కల్పించి చెబుతున్నారని కాదు. చూసేవాళ్లు సగం ఊహించుకునేలాగే ఆ షోని కట్టారు.

అపోహ: జంతువులే కనిపించాయి, లోపల మనుషులు అస్సలు కనిపించలేదు

ఎక్కువగా వినిపించేది ఇదే. నిజానికి ఈ షోలో నటుల్ని దాచిపెట్టే ప్రయత్నమే లేదు. దర్శకురాలు జూలీ టేమర్ కోరుకున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం. మనిషీ, జంతువూ ఇద్దరూ ఒకేసారి కనిపించాలన్నది ఆమె పట్టుదల. 1970ల్లో ఆమె ఇండోనేషియాలో కొన్నేళ్లు ఉండి పనిచేశారు. అక్కడి మాస్కుల నాటకాలు, తోలుబొమ్మలాటల ప్రభావం ఈ షోలో అడుగడుగునా కనిపిస్తుంది. బొమ్మని ఆడించేవాడు ప్రేక్షకుల కళ్లెదుటే ఉండే జపాన్ బున్‌రాకు పద్ధతి కూడా ఇందులో ఉంది.

సింహాల రాజు ముఫాసా, అతని తమ్ముడూ విలనూ అయిన స్కార్ మాస్కులు నటుల ముఖాలకి తొడిగినవి కావు, తల పైన నిలబడినవి. కార్బన్ ఫైబర్‌తో చేసినవి కాబట్టి చాలా తేలిక. ముఫాసాది దాదాపు 300 గ్రాములు, స్కార్‌ది 200 గ్రాములు. చెక్కతో చెక్కినట్టు కనిపిస్తాయి కాబట్టి ఎవరికైనా బరువైనవనే అనిపిస్తుంది. స్కార్ కోపంతో ముందుకి వంగినప్పుడు ఆ మాస్క్ నుదుటి మీద నుంచి కిందికి దిగి, ముఖం ముందుకి వచ్చి నిలుస్తుంది. నిటారుగా నిలబడగానే మళ్లీ పైకి వెళ్లిపోతుంది. మనిషి మాట్లాడుతుండగానే మృగం బయటపడి మళ్లీ లోపలికి పోవడం మనం చూస్తాం.

చిరుత ఇంకా బాగుంటుంది. ఆడించేది ఒకే డాన్సర్. బొమ్మ ఆమె ఒంటికి ముందువైపున ఉంటుంది. ముందు కాళ్లని చేతుల్లోని కర్రలతో నడుపుతుంది, ఆమె కాళ్లే చిరుతకి వెనక కాళ్లు. బొమ్మ తల ఆమె తలకి కలిపి ఉంటుంది. ఆమె తల తిప్పితే చిరుత తల తిప్పుతుంది. పంజా పైకెత్తి నాలుకతో శుభ్రం చేసుకునే చిన్న ఘట్టం ఒకటుంది. ఇంటికెళ్లాక జనం దాన్నే చెబుతారు. డాన్సర్ ముఖం మాత్రం గుర్తుండదు. అంతసేపూ ఆమె వెలుగులోనే ఉంది.

లైటింగ్ మనిషిగా నాకు బాగా నచ్చిన విషయం ఇదే. బొమ్మల్ని ఆడించేవాళ్లని కనిపించకుండా చేయాలంటే మాకు చిటికెలో పని. వాళ్లకి నల్లబట్టలు వేసి, పక్కనుంచి సన్నటి వెలుగు బొమ్మ మీద మాత్రమే పడేలా చేస్తే చాలు. ఈ షోకి లైటింగ్ చేసిన డొనాల్డ్ హోల్డర్ ఆ సులువైన దారి పట్టలేదు. నటుల ముఖాలు కూడా కనిపించేలా వెలుగు పరిచారు. 1998లో ఆయనకి బ్రాడ్‌వే షోలకిచ్చే పెద్ద పురస్కారం, టోనీ అవార్డు వచ్చింది. టేమర్‌కి కూడా ఆ ఏడాదే వచ్చింది. మ్యూజికల్ దర్శకత్వానికి టోనీ అందుకున్న మొదటి మహిళ ఆమె.

అపోహ: వందలమంది నటులు ఉన్నారు

యాభైమందికి అటూ ఇటూ, అంతే. బొమ్మలు మాత్రం 200కి పైగా ఉన్నాయి. ఒక్కొక్కరు ఒకే సాయంత్రంలో హైనాగా, జింకగా, పక్షిగా మారుతూ ఉంటారు. గడ్డి మైదానం గుర్తుందా? దాన్ని సెట్ అనుకునేవాళ్లే ఎక్కువ. అది కూడా మనుషులే. తల మీద చతురస్రంగా గడ్డి పెట్టుకుని వరసలుగా కదులుతారు, వాళ్ల నడకతో గాలి వీచినట్టుంటుంది.

ఏనుగులో నలుగురు ఉంటారు, కాలికొకరు. జిరాఫీ ఒక్కరే. కాళ్లకీ చేతులకీ పొడవాటి కొయ్యకాళ్లు కట్టుకుని, 14 అడుగుల ఎత్తు రూపాన్ని నెత్తిన మోస్తూ నడుస్తారు. యంత్రం అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: మళ్లీ చూసేటప్పుడు మెడ కింద చూడండి, మనిషి ముఖం కనిపిస్తుంది.

అపోహ: తొక్కిసలాట సీన్‌లో వెనక సినిమా వేశారు

లేదు. లోయలో విల్డబీస్ట్‌ల (ఎద్దుల్లా ఉండే ఆఫ్రికా జంతువులు) మంద పరుగెత్తుకొచ్చే ఆ సీన్‌లో వాడింది పాతకాలం రంగస్థల పద్ధతే. అన్నిటికంటే వెనక చిన్న బొమ్మలు రోలర్ల మీద గిర్రున తిరుగుతుంటాయి. ముందుకి వచ్చేకొద్దీ బొమ్మల సైజు పెరుగుతుంది. అన్నిటికంటే ముందు డాన్సర్లే పెద్ద మాస్కులతో మన మీదికి దూకుతారు. సైజుల తేడాని మన కన్ను దూరం అనుకుంటుంది. దానికి తోడు స్టేజికి రెండు వైపులా కూర్చున్న వాద్యకారుల డ్రమ్స్ మోత. నేల అదిరిందని చెప్పేవాళ్లని నేను కాదనను, ఆ డ్రమ్స్ దెబ్బ ఒంటికి తగులుతుంది.

మొదటి పాటలో ఉదయించే సూర్యుడి సంగతీ అంతే. ప్రొజెక్షన్ కాదు. అల్యూమినియం పట్టీలకి కట్టిన పట్టుగుడ్డ ముక్కలు నెమ్మదిగా పైకి లేస్తాయి. గుడ్డ వణుకుతుంది కాబట్టి ఎండవేడికి గాలి అలలు తేలినట్టు కనిపిస్తుంది. ప్రొజెక్టర్‌తో ఆ వణుకు తేవడం చాలా కష్టం.

అపోహ: అంత ఖర్చు పెడితే ఎవరైనా మెప్పిస్తారు

ఇది వింటే నాకు బాధేస్తుంది. యానిమేషన్ సినిమాల నుంచి బ్రాడ్‌వేకి వచ్చిన భారీ షోలన్నీ నిలబడలేదు. ‘టార్జాన్’ 2006 మేలో మొదలై 2007 జులైలో ఆగిపోయింది. ‘ది లిటిల్ మెర్మెయిడ్’ 2008 జనవరి నుంచి 2009 ఆగస్టు దాకా నడిచింది. మొదటిదాంట్లో నటులు తాళ్ల మీద గాల్లో ఊగారు. రెండోదాంట్లో నీళ్లలో ఈదుతున్నట్టు కనిపించడానికి మడమలో చక్రాలున్న బూట్లు వేసుకుని జారారు. డబ్బుకీ శ్రమకీ రెండింటిలోనూ లోటు లేదు.

‘లయన్ కింగ్’లో జనం మర్చిపోలేని ఘట్టాలు చాలావరకు చవకైనవే. కరువు వచ్చిందని ఎలా చూపించారు? నేల మీద గుండ్రంగా పరిచిన నీలం పట్టుగుడ్డని మధ్యలోని రంధ్రంలోంచి కిందికి లాగుతారు. చెరువు చూస్తుండగానే చిన్నదై, మాయమైపోతుంది. రాజు చనిపోయాక ఆడసింహాల కళ్లలోంచి తెల్లటి రిబ్బన్లు పొడుగ్గా బయటికి వస్తాయి, అవే కన్నీళ్లు. ఈ రెంటికీ కావాల్సింది గుడ్డ, లాగే చెయ్యి, సరైన సమయం. బడ్జెట్ గురించి టెన్షన్ పడే కొత్త దర్శకులకి నేను ముందు ఈ రెండు ఘట్టాల గురించే చెబుతాను.

అపోహ: సినిమానే స్టేజి మీద పెట్టారు, పిల్లల కోసం

సినిమా నిడివి 88 నిమిషాలు, స్టేజి షో విరామంతో కలిపి రెండున్నర గంటలు. సినిమాలో ఉన్నవి ఐదు పాటలే. సినిమా తర్వాత 1995లో దక్షిణాఫ్రికా సంగీతకారుడు లెబో ఎమ్ తదితరులు చేసిన ఆల్బమ్ నుంచి కొన్ని పాటలొచ్చాయి, మరికొన్ని కొత్తగా రాశారు. సినిమాలో మగ కోతిగా ఉన్న ‘రఫీకి’ ఇక్కడ స్త్రీ పాత్ర. ‘నాలా’ అనే ఆడసింహం పాత్రకి బరువు పెరిగింది, సొంత నేల విడిచి వెళ్లేటప్పుడు ఆమెకి సొంత పాట ఉంది. పిల్లలు ఆనందంగా చూస్తారు, సందేహం లేదు. ఏడ్చేది మాత్రం ఎక్కువగా పెద్దవాళ్లే.

అపోహ: అందరూ చూసిన షో ఒక్కటే

ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్లు దీని మీద వాదించుకోవడం విన్నాను. సింహాల రాజు నిలబడే కొండ నేలలోంచి తిరుగుతూ పైకి లేచిందని ఒకరు, పక్కనుంచి వచ్చిందని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. న్యూయార్క్‌లో ఆ కొండ స్టేజి కింద నుంచి మెలికలు తిరుగుతూ పైకి వస్తుంది. టూర్‌లో వెళ్లిన ప్రతి ఊరి థియేటర్‌లోనూ నేలకి అంత గొయ్యి తవ్వడం కుదరదు, అందుకే అక్కడ పక్కనుంచి తెస్తారు. అలాగే రాజు కొలువులోని పక్షి జాజూ పొద్దున్నే రాజుకి వార్తలు చెప్పే పాట ఉందని గట్టిగా చెప్పేవాళ్లూ, అలాంటిదేం లేదనేవాళ్లూ ఉన్నారు. అది మొదట్లో ఉండేది, 2010లో తీసేశారు. ఏ ఏడాది చూశారో అడిగితే గొడవ తీరిపోతుంది.

అపోహ: అన్నిటికంటే ముందు వరసే మంచి సీటు

ఒక్కో సీటు నుంచి ఒక్కో షో. మొదటి పాటలో ఏనుగూ, పక్షులూ హాల్లోంచి నడిచి స్టేజి ఎక్కుతాయి కాబట్టి కింద అంతస్తులో నడవా పక్క సీటుకి సాటి లేదు. బొమ్మ మీ భుజం పక్కనుంచే పోతుంది. మరీ ముందు కూర్చుంటే మాత్రం తొక్కిసలాటలో వెనకున్న చిన్న బొమ్మల వరసలు సరిగా కనబడవు, లోతు తెలియదు. నేల మీది నీలం గుడ్డ కూడా అంచు మాత్రమే కనిపిస్తుంది. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లకి నడవా పక్క సీటు, రెండోసారి వెళ్లేవాళ్లకి బాల్కనీ ముందు వరస చెబుతాను. బాల్కనీలో కూడా వీలైతే ఓ పక్కన ఉన్న డ్రమ్స్ వాళ్లు కనిపించేలా తీసుకోండి. తొక్కిసలాట వేళ వాళ్ల చేతులు చూడటం విడిగా ఇంకో షో.