పాత లెదర్ బ్యాగ్‌ని నీళ్లలో ముంచే ముందు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. మీలో చాలామంది ఈమధ్య థ్రిఫ్ట్ స్టోర్లలో, గ్యారేజ్ సేల్స్‌లో, ఆన్‌లైన్‌లో పాత లెదర్ హ్యాండ్‌బ్యాగులు కొంటున్నారు. చూస్తే నాకు నిజంగా సంతోషంగా ఉంది. కానీ కొన్న మర్నాడే ఫోన్ చేసి, "పెద్దమ్మా, దీన్ని దేంతో కడగాలి?" అంటారు. మొదట అడగాల్సింది అది కాదర్రా. "ఇది ఏ తోలు?" అని అడగాలి. అది తెలిస్తే సగం పని అయినట్టే. తెలియకుండా చేతికి దొరికిన క్రీమ్ రాస్తే, ముప్ఫై నలభై ఏళ్లు నిలిచిన బ్యాగ్ ఒక్క సాయంత్రంలో పాడవుతుంది.

పచ్చి తోలును అలా వదిలేస్తే కుళ్లిపోతుంది, ఎండబెడితే అట్టలా బిగుసుకుపోతుంది. ఈ రెండూ జరగకుండా మార్చడమే తోలును పదును చేయడం. అందులో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది చెట్ల బెరడుతో చేసేది. మీరు బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు ఉంది కదా, ఆ చెట్టు బెరడులో తోలును నిలబెట్టే టానిన్లు పుష్కలంగా ఉంటాయి. మన ఊళ్లలో మాదిగ పెద్దలు తోలును సున్నం నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, లందల్లో, అంటే తోలు ఊరబెట్టే తొట్లలో, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టేవారు. ఊరికి చెప్పులూ, మోటకు తోలు బొక్కెనలూ వాళ్ల చేతుల మీదుగానే వచ్చాయి. వాళ్లు చేసిన వస్తువు కావాలి గాని వాళ్లను మాత్రం ఊరి బయటే ఉంచారు. లెదర్ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి దాటేసి పోవడం నాకు ఇష్టం లేదు. ఇదే పద్ధతిలో పదునైన తోళ్లు మద్రాసు రేవు నుంచి ఓడల్లో ఇంగ్లండుకు వెళ్లేవి.

రెండోది క్రోమ్ పద్ధతి. 19వ శతాబ్దంలో వచ్చింది. క్రోమియం లవణాలతో వారాల పని ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం ఇలాంటిదే. బ్యాగ్ అంచు ఎక్కడైనా రంగు వేయకుండా ఉంటే దగ్గరగా చూడండి. కోసిన చోట మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తే సాధారణంగా అది క్రోమ్ తోలు. లోపలిదాకా గోధుమ రంగే ఉంటే బెరడుతో పదును చేసినది కావచ్చు. ఈ తేడా ఎందుకు తెలుసుకోవాలంటే, బెరడు తోలు తడిగా ఉన్నప్పుడు దాదాపు 70 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ వేడికే ముడుచుకుపోతుంది. క్రోమ్ తోలు 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. అందుకే తడిసిన బ్యాగ్ మీద హెయిర్ డ్రయర్ పెట్టకండి. ఒకసారి ముడుచుకున్న తోలు మళ్లీ సాగదు.

మూడో రకం అసలు తోలే కాదు. గుడ్డ మీద ప్లాస్టిక్ పొర వేసింది. కొన్నేళ్లకు గాలిలో తేమ తగిలి ఆ పొర పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. దానికి మందు లేదు. డబ్బు పెట్టకముందే ఇది కనిపెట్టాలి. అంచు దగ్గర పీచు కనిపిస్తుందా, గుడ్డ నేత కనిపిస్తుందా చూడండి. పైన రంధ్రాలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించండి.

నేనుండే న్యూజెర్సీలో మీలాంటివాళ్లు ఎక్కువగా వెతికేది కోచ్ అనే అమెరికన్ కంపెనీ పాత బ్యాగులు. పని నేర్చుకోవడానికి వాటికంటే మంచివి నాకు కనబడలేదు కాబట్టి వాటి గురించే కాస్త వివరంగా చెప్తాను. ఆ కంపెనీ 1941లో న్యూయార్క్‌లోని మాన్‌హాటన్‌లో చిన్న తోలు వర్క్‌షాపుగా మొదలైంది. అప్పుడు చేసినవి పర్సులూ, వాలెట్లూ. తర్వాత దాన్ని నడిపిన మైల్స్ కాన్ బేస్‌బాల్ గ్లవ్‌ను చూసి, వాడే కొద్దీ ఆ తోలు మెత్తబడి నిగారింపు తెచ్చుకోవడం గమనించాడు. అలాంటి తోలుతోనే బ్యాగులు చేయాలనుకున్నాడు. ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులు చేద్దామని పట్టుబట్టింది ఆయన భార్య లిలియన్. 1962లో డిజైనర్ బోనీ కాషిన్ వచ్చింది. ఆవిడ తన కారు పైకప్పును బిగించే ఇత్తడి గొళ్లెం చూసి, బ్యాగ్ మూతకు తిప్పే గొళ్లెం పెట్టింది. ఇప్పటికీ ఆ బ్యాగుల గుర్తు అదే.

ఆ పాత బ్యాగుల్లో చాలావాటికి లోపల లైనింగ్ గుడ్డ ఉండదు. మూత తెరిస్తే తోలు వెనుకవైపు గరుకు నేరుగా కనిపిస్తుంది. మందమైన తోలు, గట్టి ఇత్తడి, బలమైన కుట్లు. లోపల కుట్టిన ముక్క మీద కొన్ని వాక్యాలు అచ్చు వేసి ఉంటాయి. మచ్చలు, గీతలు, నరాల జాడలు, ముడతలు అసలైన తోలుకు సహజమని వాళ్లే రాశారు. బాగుచేసే ముందు ఆ ముక్క ఒకసారి చదవండి. దాని కిందనో మధ్యనో సీరియల్ నంబర్ ఉంటుంది. 1994 నుంచి వచ్చిన నంబర్లలో మొదటి అక్షరం నెలను, తర్వాతి అంకె లేదా అంకెలు సంవత్సరాన్ని, ఆ తర్వాతి అక్షరం ఫ్యాక్టరీని చెప్తాయి. నంబర్ మధ్యలో ఉండే చిన్న అడ్డగీత తర్వాత వచ్చేది మోడల్ నంబర్.

ఇక పని. కూర్చున్నాక మొదటి గంట నీళ్ల జోలికి పోకండి. జేబులన్నీ ఖాళీ చేసి, మూలల్లో చేరిన దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి. కుట్ల మధ్య మట్టికి పాత టూత్‌బ్రష్ చాలు. బూజు ఉంటే బ్యాగ్‌ని ఇంట్లో దులపొద్దు, ముక్కుకు మాస్క్ కట్టుకుని బయట దులపండి. సిగరెట్ వాసన, అటక వాసన ఉంటే ఒక మూత ఉన్న డబ్బాలో బ్యాగ్‌తో పాటు బొగ్గు సంచి గాని, గిన్నెలో వంట సోడా గాని ఉంచి కొన్ని రోజులు వదిలేయండి. సోడా తోలుకు తగలకూడదు. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

తోలుకు కాస్త ఆమ్ల స్వభావం ఉంటుంది. దాని పీహెచ్, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, సుమారు 4 దగ్గర ఉంటుంది. ఒంటి సబ్బు, బట్టల సబ్బు, వంట సోడా ఇవన్నీ క్షారాలు, 8 నుంచి 10 దాకా ఉంటాయి. క్షారం తగిలితే తోలులోని టానిన్లు, నూనెలు వదులవుతాయి, రంగు ముదురుతుంది, ఎండాక తోలు పెళుసవుతుంది. గుర్రపు జీనులకు వాడే శాడిల్ సోప్ పేరు చూసి మోసపోకండి, అది కూడా చాలావరకు క్షారమే. పసిపిల్లల షాంపూ రెండు చుక్కలు గిన్నెడు గోరువెచ్చని నీళ్లలో కలిపి, నూలు గుడ్డ ముంచి గట్టిగా పిండి, దాంతో తుడవండి. ముందు అడుగున కనబడని చోట ప్రయత్నించండి. గుడ్డకు రంగు అంటుకుంటే అక్కడితో ఆపేయండి. చోటు చోటుగా కాకుండా ఒక పలక మొత్తం ఒకేసారి తుడవాలి, లేకపోతే నీటి మరకల అంచులు మిగిలిపోతాయి. బేబీ వైప్స్, నెయిల్ పాలిష్ రిమూవర్ అసలు వద్దు. రిమూవర్ మరకతో పాటు తోలు పైరంగును కూడా తీసేస్తుంది. పెన్ను ఇంకు మరకను అలాగే ఉండనివ్వమనే నా సలహా.

వీడియోల్లో పాత కోచ్ బ్యాగ్‌ని తొట్టిలో ముంచి తీస్తుంటారు. అది అబద్ధం కాదు, లైనింగ్ లేని ఆ మందపు తోలు తట్టుకుంటుంది. కానీ అది ఆఖరి మార్గం. ఎలుకలు తిరిగిన వాసన, లోపలంతా పరుచుకున్న బూజు, తుడిస్తే పోని జిడ్డు ఉంటేనే ఆలోచించండి. లోపల అట్ట పెట్టి నిలబెట్టిన బ్యాగ్‌ని, లైనింగ్ ఉన్నదాన్ని ముంచితే అట్ట ఉబ్బి జిగురు వదిలేస్తుంది. ఎరుపు, ముదురు నీలం బ్యాగుల రంగు దిగుతుంది. ఒకవేళ ముంచితే పిండకండి. మందపు టవల్‌లో చుట్టి అద్దండి. తర్వాత లోపల తెల్ల టవళ్లు కుక్కి, బ్యాగ్ మొదట ఏ ఆకారంలో ఉండేదో ఆ ఆకారానికి తెచ్చి, నీడలో గాలి ఆడేచోట పెట్టండి. టవళ్లు తడిసినప్పుడల్లా మార్చాలి. రెండు మూడు రోజులు పట్టినా తొందరపడొద్దు, ఎండలో పెట్టొద్దు.

ఇత్తడి దగ్గర మీకొక వింత కనిపిస్తుంది. గొళ్లెం చుట్టూ పచ్చటి మైనంలాంటి పదార్థం. అది చిలుము. తోలులోని కొవ్వు ఇత్తడిలోని రాగితో కలిసి అలా తయారవుతుంది. చెక్క పుల్లతో గీకి తీసేయండి. మెరుగు పెట్టే ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది పూత వేసిన ఇనుము, దాన్ని రుద్దితే పూత పోయి తుప్పు బయటపడుతుంది. అంటుకోకపోయినా, బంగారు రంగు అరిగి లోపల వేరే లోహం కనిపిస్తుంటే అదీ పూతే, రుద్దకండి. అసలైన ఇత్తడైతే చుట్టూ తోలుకు ప్లాస్టిక్ కాగితం కప్పి, ఇయర్ బడ్‌తో కొంచెం పాలిష్ అద్ది తుడవండి. అమ్మమ్మ బిందెలు తోమినట్టు చింతపండుతో తోమాలనిపిస్తుంది, వద్దు. ఆ పులుపు పక్కనున్న తోలు మీదకి కారి మరక వదులుతుంది.

అంతా బాగా ఆరాక లెదర్ కండిషనర్, అంటే తోలుకు రాసే క్రీమ్, రాయాలి. ఎండిపోయిన తోలులో పీచుల మధ్య నూనె తగ్గి అవి ఒకదాన్నొకటి రాపాడుతుంటాయి. అందుకే వంచినచోట పగుళ్లు వస్తాయి. కండిషనర్ ఆ నూనెను కొంత తిరిగి ఇస్తుంది. వేరుశనగ గింజంత గుడ్డ మీద తీసుకుని పలచగా రాసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు పొడిగుడ్డతో తుడవండి. అవసరమనిపిస్తే మళ్లీ రాయొచ్చు. ఎక్కువ రాస్తే తోలు జిడ్డుగా, వదులుగా తయారై దుమ్మంతా పట్టుకుంటుంది. కొబ్బరినూనె, ఆలివ్ నూనె ఇంట్లోనే ఉన్నాయి కదా అంటారు. రాసినరోజు నిగనిగలాడుతుంది నిజమే. తర్వాత తోలు మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది, కొన్నాళ్లకు పాడైన నూనె వాసన వస్తుంది, ఆ నూనెను వెనక్కి తీయలేం.

హ్యాండిల్ దగ్గర ముదిరిన రంగు, మూల దగ్గర అరుగుదల, ఎవరిదో గోరు గీత, ఇవన్నీ ఆ బ్యాగ్‌వే. మట్టి, బూజు, ఎండిపోయిన పాత మైనం మాత్రం బయటివి. బయటివి తీసేయండి, దానివి దానికి వదిలేయండి. బ్యాగ్ మొత్తానికి కొత్త రంగు కొట్టించడం నాకు నచ్చదు. కుట్టు ఊడితే మాత్రం ఆలస్యం చేయకండి. చెప్పులు కుట్టే మంచి పనివాడి దగ్గరకు తీసుకెళ్లి, పాత రంధ్రాల్లోంచే కుట్టమని, జిగురు పెట్టొద్దని అడగండి. ఆయన చెప్పిన కూలి బేరం ఆడకుండా ఇవ్వండి.

కొన్నిటిని వదిలేయాలి కూడా. ముట్టుకుంటే ఎర్రటి పొడి చేతికి అంటుకునే పాత బెరడు తోలును ఇక బాగుచేయలేం. 19వ శతాబ్దంలో బొగ్గు పొగ, గ్యాస్ దీపాలు ఉన్న లైబ్రరీల్లో పుస్తకాల తోలు అట్టలు ఇలాగే పొడైపోయాయి. గాలిలోని గంధకపు ఆమ్లం పీచులనే తినేస్తుంది. క్రీమ్ రాస్తే ఇంకా నల్లబడుతుందంతే. అడ్డంగా లోతుకు పగిలిన పట్టీ కూడా అంతే, బరువు మోయలేదు.

దాచేటప్పుడు పాలిథిన్ కవర్ వద్దు, ఉతికిన నూలు దిండు గలీబు చాలు. పట్టీతో కొక్కేనికి వేలాడదీయకండి, సాగిపోతుంది. లేతరంగు బ్యాగ్‌ని కొత్త జీన్స్ పక్కన పెట్టకండి, నీలం ఎక్కితే పోదు. విశాఖలో, విజయవాడలో ఉన్నవాళ్లు వానాకాలం నెలకొకసారి బయటికి తీసి గాలికి పెట్టండి. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే బూజు మొదలవుతుంది.

ఇకనుంచి కొనేముందు నాకు ఫొటోలు పంపేవాళ్లు, ముందువైపు అందంగా తీసినదొక్కటి పంపితే నేనేం చెప్పలేను. అంచు, అడుగు మూలలు, పట్టీ బిగించిన చోటు, లోపలి అచ్చు ముక్క, గొళ్లెం వెనుక, ఇవి పగటి వెలుగులో దగ్గరగా తీసి పంపండి. వాసన ఎలా ఉందో కూడా రాయండి.

మీ పెద్దమ్మ